వాడేసిన సిల్వర్ పేపర్‌ను ఏ బుట్టలో వేయాలి, ఎలా వేయాలి?

"పిల్లల టిఫిన్‌కు చుట్టిన సిల్వర్ పేపర్ తడి చెత్తా, పొడి చెత్తా?" నల్లగొండ నుంచి పాలమూరు దాకా చాలామంది అడుగుతున్నది ఇదే. కూర అంటుకుని ఉంది కాబట్టి తడి అని కొందరంటారు. లోహం కాబట్టి పొడి అని ఇంకొందరు. ఎటూ తేలక అన్నీ ఒకే నల్ల కవర్లో కుక్కి, ముడేసి, ఆటోలో పడేసేవాళ్లే ఎక్కువ.

జవాబు ముందే చెప్పేస్తాను. సిల్వర్ పేపర్, అంటే అల్యూమినియం ఫాయిల్, పొడి చెత్త, నీలం బుట్ట. కాకపోతే తిండి వదిలించి, ముక్కలన్నీ ఒక్క ముద్ద చేసి వేయాలి. ఈ రెండు పనులూ చేయకుండా నీలం బుట్టలో వేసినా అది చివరికి డంపింగ్ యార్డుకే పోతుంది.

నిబంధనల సంగతి రెండు ముక్కల్లో. 2016 ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇంటి చెత్తను ఇంట్లోనే తడి, పొడి, హానికరం అని మూడుగా విడదీయాల్సి ఉండేది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనల్లో ఇవి నాలుగయ్యాయి: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి. మూడైనా నాలుగైనా శుభ్రమైన ఫాయిల్ చోటు మారలేదు, పొడిలోనే. చెత్తను వీధిలో, మోరీలో, చెరువులో వేయడం, కాల్చడం, పూడ్చడం ఈ రూల్స్ ప్రకారం తప్పు.

కావాల్సినవి

కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు.

- నీలం బుట్ట, లేదా పొడి చెత్తకు పెట్టుకున్న సంచి
- ముద్ద పోగుచేయడానికి పాత ప్లాస్టిక్ డబ్బా ఒకటి (మూత ఉంటే మంచిది, కోతుల బెడద ఉన్న ఊళ్లలో తప్పనిసరి)
- గిన్నెలు కడిగాక మిగిలిన సబ్బు నీళ్లు
- పాత గుడ్డపేలిక లేదా మెత్తటి స్పాంజి
- ఫ్రిజ్ తలుపుకు అతికించే చిన్న అయస్కాంతం

ముందు ఇది తేల్చుకోండి: మీ చేతిలో ఉన్నది ఫాయిలేనా?

తికమకంతా ఇక్కడే. వెండిలా మెరిసేదంతా ఫాయిల్ కాదు. ఆలూ చిప్స్ ప్యాకెట్ లోపలి వైపు, హోటల్ వాళ్లు వేడి కూర పోసిచ్చే మెరుపు కవర్, దావత్‌లో పెట్టే సిల్వర్ ప్లేటు, గుట్కా పాకెట్, మాత్రల స్ట్రిప్ అన్నీ మెరుస్తాయి. వీటిలో చాలావరకు ప్లాస్టిక్ మీదో కాగితం మీదో లోహాన్ని పల్చగా పట్టించినవే. చిప్స్ ప్యాకెట్లో అల్యూమినియం పూత మైక్రాన్‌లో పదో వంతు కూడా ఉండదు, మిగతాదంతా ప్లాస్టిక్కే. దాన్ని కరిగించి అల్యూమినియం తీద్దామంటే పొగ తప్ప ఏమీ రాదు.

నలిపి చూస్తే చాలు, తేలిపోతుంది. ముక్కను గుప్పిట్లో గట్టిగా నలిపి చేయి తెరవండి. నలిగినట్టే ముద్దగా ఉండిపోతే ఫాయిల్. చిటపటమంటూ తిరిగి విచ్చుకుంటే ప్లాస్టిక్ కలిసిన కవర్. దీనికి ఒక్క సెకను చాలు, ఇంట్లో చిన్న పిల్లలు కూడా చేస్తారు. నిజానికి ఈ పని వాళ్లకే అప్పజెబితే మేలు, వాళ్లకు భలే సరదా.

నలిపినా అనుమానం తీరకపోతే అంచును చింపి చూడండి. ఫాయిల్ అయితే కాగితంలా తెగుతుంది, తెగిన చోట కూడా వెండి రంగే ఉంటుంది. ప్లాస్టిక్ ఉంటే తెగకుండా సాగుతుంది, తెగిన అంచున తెల్లటి పొర కనిపిస్తుంది. కాగితం అతికించి ఉంటే నూగులాగా పీచు వస్తుంది. అగ్గిపుల్ల గీసి కాల్చి చూడమని ఎవరైనా చెబితే వినకండి. ప్లాస్టిక్ కరిగి వేలికి అంటుకుంటుంది, ఆ పొగ పీల్చేదీ మీరే.

రోజూ చేతికొచ్చేవాటి సంగతి ఇది:

*రోల్ నుంచి చింపి వాడిన ఫాయిల్* – అసలు సిసలు ఫాయిల్ ఇదే. ముద్దలో వేయండి.

*బిర్యానీ, తందూరీ పార్శిల్ వచ్చే అల్యూమినియం డబ్బా* – అచ్చమైన లోహం, పైగా మందం. దాని మూత మాత్రం వేరు. పైన తెల్ల అట్ట, లోపల మెరుపు పూత ఉంటుంది. మూత విడదీసి మామూలు పొడి చెత్తలో వేయండి. డబ్బాను ముద్దలో కలపకండి, కడిగి ఒకదాంట్లో ఒకటి పేర్చండి.

*పెరుగు కప్పు పైన ఒలిచే మూత* – కొన్ని కంపెనీలవి ఫాయిల్, కొన్ని ప్లాస్టిక్. నలిపి చూడాల్సిందే. చాక్లెట్ లోపలి వెండి కాగితానికీ ఇదే మాట.

*కర్రీ పాయింట్ మెరుపు కవర్లు, చిప్స్, బిస్కెట్, మసాలా ప్యాకెట్లు* – ఫాయిల్ కాదు. పొడి చెత్తే, కానీ ముద్దలో వద్దు. ఇలాంటి కవర్లను ఏరి సిమెంటు బట్టీల్లో బొగ్గుకు తోడుగా వాడే పద్ధతి దేశంలో ఉంది. అల్యూమినియం కరిగించే చోట మాత్రం వీటితో తంటానే.

*మాత్రల స్ట్రిప్* – ప్లాస్టిక్‌కు ఫాయిల్ అతికించింది. ఖాళీ స్ట్రిప్ పొడి చెత్తలోకి. లోపల మాత్రలు మిగిలిపోయి గడువు దాటితే అది ప్రత్యేక జాగ్రత్త చెత్త. కాలం చెల్లిన మందులు వేసే డబ్బా వేరుగా పెట్టుకోవాలి.

*పాలు, జ్యూస్ అట్టడబ్బాలు* – కాగితం, ప్లాస్టిక్, అల్యూమినియం మూడూ కలిపి అతికించినవి. చేత్తో విడదీయలేరు. కడిగి, చదునుగా నొక్కి, పొడి చెత్తలో విడిగా వేయండి.

*సిల్వర్ ప్లేట్లు* – పేరులోనే సిల్వర్. అట్ట మీద మెరుపు పొర అంతే. తిండి దులిపి పొడిలో వేయాలి.

*చపాతీ చుట్టే బటర్ పేపర్* – దీనికీ ఫాయిల్‌కూ సంబంధం లేదు. కొందరు రెండూ కలిపి చుట్టి అలాగే ముద్ద చేసేస్తారు. విడదీయండి.

ఇక పని మొదలు

1. విప్పేటప్పుడు చింపకండి. రొట్టె తినే తొందరలో ఫాయిల్‌ను నాలుగు ముక్కలుగా లాగేయడం అందరికీ అలవాటే. మడత వెతికి విప్పితే ఒక్క ముక్కగా వస్తుంది. పెద్ద ముక్కను కడగడం తేలిక. చిన్న ముక్కలు సింకు జాలీలో ఇరుక్కుంటాయి, అక్కడి నుంచి మోరీలోకి పోతాయి. పిల్లలకు టిఫిన్ కట్టేటప్పుడు అంచు చివరను కొంచెం మడిచి తోకలా వదిలేయండి. అది పట్టుకుని లాగితే చక్కగా విచ్చుకుంటుంది.

2. తిండి దులపండి. మెతుకులు, కూర ముక్కలు, ఎముకలు ఆకుపచ్చ బుట్టలోకి. ఇక్కడ ఒక హెచ్చరిక. బర్రె ఉన్న ఇళ్లలో మిగిలిన అన్నం కుడితి గోళెంలోకి పోతుంది కదా. ఫాయిల్‌ను గోళెం మీద దులపకండి. గోరంత ముక్క అన్నంతో పాటు కుడితిలో పడినా కనిపించదు, పశువు దాన్ని ఏరి ఉమ్మదు. అలాంటివి కడుపులో పేరుకుంటే పశువు మేత మానేస్తుంది. ముందు పళ్లెంలో దులిపి, చూసి, ఆ తర్వాతే కుడితిలో వేయండి.

3. కడగండి, కానీ దీనికోసం నల్లా తిప్పకండి. ఎండాకాలం ట్యాంకర్ కోసం ఎదురుచూసే వాడల్లో ఫాయిల్‌కు మంచినీళ్లు వాడమంటే ఎవరూ వినరు, వినక్కర్లేదు కూడా. గిన్నెలు కడగడం అయ్యాక తొట్లో మిగిలిన సబ్బు నీళ్లలో ముంచి, రెండు వైపులా గుడ్డపేలికతో తుడిస్తే సరిపోతుంది. అద్దంలా మెరవాల్సిన పనిలేదు. వేలితో రాస్తే జిడ్డు అంటకూడదు, మెతుకు కనిపించకూడదు, అంతే. పసుపు మరక పోకపోయినా ఫర్వాలేదు.

మసాలా మాడి అంటుకుంటే? చికెన్ కాల్చిన ఫాయిల్‌కు ఇది మామూలే. వేడి సబ్బు నీళ్లలో పావుగంట నాననివ్వండి. స్టీలు పీచుతో గట్టిగా తోమకండి, పేలికలైపోతుంది. నానినా వదలకపోతే ఆ మాడిన భాగాన్ని మాత్రం చింపి విడిగా కాగితంలో చుట్టి పొడి చెత్తలో వేయండి, మిగతాది ముద్దలోకి. మాడినదాన్ని "ఎలాగూ తిండే కదా" అని తడి చెత్తలో మాత్రం వేయొద్దు.

పచ్చి చికెన్, చేప చుట్టిన ఫాయిల్‌ను అన్నిటికన్నా చివర కడగండి. ఆ నీళ్లలో మళ్లీ ఇంకేదీ ముంచకండి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇలాంటి ఫాయిల్‌ను కడిగాం కదా అని మళ్లీ తిండికి వాడొద్దు.

పులిహోరో టమాట పచ్చడో రాత్రంతా చుట్టి ఉంచితే ఫాయిల్‌కు సన్నటి చిల్లులు పడతాయి. చింతపండు, నిమ్మ, టమాట పులుపూ, దానికి తోడు ఉప్పూ కలిసి అల్యూమినియాన్ని తినేస్తాయి. చిల్లులు పడ్డది చెడిపోయిందని పారేయకండి, ముద్దకు అదీ పనికొస్తుంది. అసలు పుల్లటివి ఫాయిల్‌లో కట్టకపోవడం మంచిది. ఆ కరిగిన లోహం ఎక్కడికో పోలేదు, పులిహోరలోనే ఉంది.

4. ఆరబెట్టండి. కడిగిన వెంటనే ముద్ద చేస్తే లోపల తడి చిక్కుకుంటుంది. రెండు రోజుల్లో పుల్లటి వాసన, మూడో రోజు చీమలు. డబ్బా అంచు మీదో సింకు గట్టు మీదో పరిస్తే మన ఎండకు ఆరడం ఎంతసేపు! వానాకాలంలో గుడ్డతో ఒత్తి తుడవండి. గాలికి ఎగిరిపోతుంది కాబట్టి దాబా మీద ఆరేసి మరిచిపోకండి. పక్కింటి వాళ్లకు పని పెట్టినవాళ్లవుతారు.

5. ఒకే ముద్దకు చేర్చుతూ పోండి. మొదటి ముక్కను నలపండి. రేపటి ముక్కను దాని చుట్టూ చుట్టండి. అలా నల్లగొండ బత్తాయంత అయ్యేదాకా పోగుచేయండి. అప్పుడు బుట్టలోకి.

ఎందుకింత తతంగం? పొడి చెత్త సేకరణ కేంద్రంలో ఏరేది మనుషులు, చేత్తో. కుప్పలోంచి సీసాలు, అట్టలు, ఇనుము, సిల్వర్ వేరు చేస్తారు. గోళీకాయంత ముక్కలు కంటికి ఆనవు, దుమ్ముతో పాటు ఊడ్చి పారేస్తారు. గుప్పెడు ముద్దయితే చేయి అటే పోతుంది. రెండో కారణం కొలిమిలో ఉంది. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పల్చటి విడి ముక్కలు కరిగేలోపే గాలి తగిలి చాలాభాగం మడ్డిగా మారిపోతాయి. గట్టి ముద్దలో లోపలి పొరలకు గాలి తగలదు, ఎక్కువ లోహం చేతికొస్తుంది. ఖనిజం తవ్వి కొత్త అల్యూమినియం చేయడంతో పోలిస్తే పాతదాన్ని కరిగించి వాడితే కరెంటు, ఇంధనం సుమారు 95 శాతం మిగులుతాయి. ఆ లాభం చేతికందాలంటే లోహం మడ్డి కాకుండా ఉండాలి కదా.

ముద్దను సుత్తితో కొట్టి రాయిలా చేయకండి. చేత్తో ఒత్తితే చాలు. రాయిలాంటి ముద్ద చూస్తే స్క్రాప్ దుకాణం ఆయనకు మొదట వచ్చేది అనుమానమే: "అన్నా, లోపల మన్ను గిట్ల వెట్టినవా?" తూకం కోసం లోపల రాళ్లు పెట్టే మహానుభావులు ఉన్నారు మరి. పొర విప్పి చూపించగలిగేంత వదులుగా ఉంటే మీకూ ఆయనకూ మాటా మాటా రాదు.

6. డబ్బాలో దాచి, నిండాక నీలం బుట్టలో వేయండి. రోజూ బుట్టలో వేయాల్సిన అవసరం లేదు. మామూలు ఇంట్లో బత్తాయంత ముద్ద కావడానికి వారాలు పడుతుంది. వంటింటి గట్టు కింద మూత డబ్బాలో పడి ఉంటే చాలు.

7. బండి వచ్చినప్పుడు కలిపేయకుండా చూడండి. ఇంట్లో విడదీసి, గేటు దగ్గర రెండు బుట్టలూ ఒకే అరలో కుమ్మరిస్తే చేసిన పనంతా వృథా. "అన్నా, ఇది పొడి చెత్త, అటు వేయండి" అని ఒక్కమాట చెప్పండి. ఆటో వెళ్లే హడావుడిలో వాళ్లు కలిపేయొచ్చు. మీరు దగ్గరుండి ఇస్తే కలపరు. అపార్ట్‌మెంట్ అయితే కింద వాచ్‌మన్ దగ్గరే రెండు డ్రమ్ములు కలిసిపోతుంటాయి, అక్కడ మాట్లాడాల్సింది ఆయనతో.

రోల్ అయిపోయాక మిగిలే డబ్బా సంగతి

దీని గురించి ఎవరూ అడగరు, నేనే చెబుతున్నా. ఫాయిల్ రోల్ అట్టపెట్టె అంచున రంపపు పళ్ల పట్టీ ఉంటుంది. కొన్నింటికి అది సన్నటి ఇనుప రేకు. దాన్ని అలాగే అట్టల్లో వేస్తే ఏరే అక్క చేతిని కోస్తుంది. పట్టీని జాగ్రత్తగా ఊడదీసి, కాగితంలో మందంగా చుట్టి, పైన పెద్ద అక్షరాలతో "కోసుకుంటుంది" అని రాసి ఇవ్వండి. అయస్కాంతం అతుక్కుంటే ఇనుప సామానులోకి పోతుంది. అట్టపెట్టె, లోపలి గొట్టం మామూలు అట్టలతో పాటు.

గ్రామాల్లో ఎలా?

పల్లెల్లో ఆటో బదులు పంచాయతీ ట్రాక్టర్ వస్తుంది. ఊరిని బట్టి రోజూ రావచ్చు, రోజు విడిచి రోజు రావచ్చు. ఊరి చివర డంపింగ్ యార్డు దగ్గర షెడ్డు వేసి తడిచెత్తతో ఎరువు చేస్తారు. ఫాయిల్ చేసే అసలు నష్టం ఇక్కడే. అది కుళ్లదు, ఎరువు కాదు, వానపాము దాన్ని తినదు. ఎరువు జల్లెడ పట్టినప్పుడు తళతళమంటూ పేలికలు కిందికి దిగుతాయి. ఆ ఎరువు వేసిన మడిలో కలుపు తీస్తుంటే చేతికి ముక్కలొస్తాయి. ఇలాంటి ఎరువును రైతు రెండోసారి అడుగుతాడా?

ఇంటి పెంట కుప్పకూ ఇదే వర్తిస్తుంది. పెంటలో పడ్డ ఫాయిల్ వానాకాలానికి చేలో తేలుతుంది.

ట్రాక్టర్ రాని చోట, లేదా షెడ్డులో అన్నీ ఒకే కుప్ప చేసే చోట ముద్దల్ని ఇంట్లోనే దాచుకోవడం మేలు. తడి లేని ముద్ద ఏళ్లైనా చెడిపోదు. మైకులో "పాత ఇనుప సామాన్లు, ఇత్తడి, సిల్వర్ సామాన్లకు ఉల్లిగడ్డలు" అంటూ వీధుల్లో తిరిగే బండి ఏదో ఒకనాడు రానే వస్తుంది.

అమ్ముకోవచ్చా? ఎంతొస్తుంది?

అమ్ముకోవచ్చు, కానీ ఆశ పెట్టుకోకండి. వంటింటి రోల్ మందం సాధారణంగా 11 మైక్రాన్లు ఉంటుంది. 30 సెంటీమీటర్ల వెడల్పుతో మీటరు ముక్క తూకం సుమారు 9 గ్రాములు. ఒక కిలో కావాలంటే 110 మీటర్లు పైచిలుకు ఫాయిల్ పోగవ్వాలి. 9 మీటర్ల రోల్స్ డజను పైన ఖాళీ చేయాలన్నమాట. ఇంటి పొదుపు లెక్కలో ఇది పెద్దగా కనిపించదు.

పైగా స్క్రాప్ దుకాణంలో ఫాయిల్‌కు పాత సిల్వర్ గిన్నెల ధర ఇవ్వరు. పల్చటిది కాబట్టి మడ్డి ఎక్కువ, జిడ్డుంటుంది అని తక్కువ కడతారు. కొందరు అసలే వద్దంటారు. బిర్యానీ డబ్బాలు, కూల్‌డ్రింక్ డబ్బాలు, చొట్టపడ్డ పాత గిన్నె లాంటి వాటితో కలిపి తీసుకెళితే ఫాయిల్ కూడా చెల్లుతుంది. విడివిడి సంచుల్లో చూపించండి, ఫాయిల్ ముద్దను కూల్‌డ్రింక్ డబ్బాలో కుక్కి తేకండి. డబ్బా బరువుగా తగిలితే అదే పాత అనుమానం.

చుట్టుపక్కల నాలుగైదు ఇళ్లవాళ్లు ఒకే డబ్బాలో పోగేసి, అమ్మగా వచ్చినదాన్ని చెత్త ఎత్తే సఫాయి అక్కకు ఇచ్చేస్తే అందరికీ సులువు. నాకు నచ్చిన దారి ఇదే.

పండగలు, దావత్‌లు, జాతరలు

సద్దుల బతుకమ్మ నాడు చెరువు గట్టున సద్దులు విప్పుకుని తింటాం. ఒకప్పుడు స్టీలు టిఫిన్‌లో, ఆకుల్లో తెచ్చేవాళ్లు. ఇప్పుడు సత్తుపిండి ముద్దలు కూడా ఫాయిల్‌లోనే. పంచిపెట్టాక ఆ ముక్కలన్నీ గట్టు మీదే. తెల్లారి కుక్కలు నాకుతాయి, గాలికి నీళ్లలో పడతాయి. సంచిలో ఖాళీ డబ్బా ఒకటి పెట్టుకెళ్లి, పంచేటప్పుడే "పేపర్ ఇటివ్వండి" అని తిరిగి అడిగి తీసుకోండి. ఇంటికొచ్చాక కడుక్కోవచ్చు. అసలు సద్దులకు ఫాయిల్ ఎందుకన్నది నా సందేహం. మోదుగాకు విస్తర్లు ఇంకా దొరుకుతున్నాయి. పులిహోరకు అవే మేలు, చిల్లుల బాధ లేదు, తిన్నాక తడి చెత్తలో వేస్తే ఎరువవుతుంది.

చెరువుగట్టు గుడికో మన్యంకొండకో కురుమూర్తి జాతరకో వెళ్లేటప్పుడు కూడా ఇదే డబ్బా. కోతులున్న చోట కూర వాసనొచ్చే ఫాయిల్‌ను బయట కనిపించనివ్వకండి. సంచితో సహా లాక్కుపోతాయి.

దావత్ చేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. 2016 నిబంధనల్లోనే, అనుమతి లేని చోట వందమందికి మించి పిలిచి కార్యం చేస్తే కనీసం మూడు పనిదినాల ముందు మున్సిపాలిటీకో పంచాయతీకో చెప్పాలని, చెత్త విడదీసి ఇచ్చే బాధ్యత కార్యం చేసేవాళ్లదేనని ఉంది. క్యాటరింగ్ ఆయనతో మాట్లాడేటప్పుడే చెప్పేయండి: వంటల మీద కప్పిన పెద్ద ఫాయిల్ షీట్లు ఒక సంచిలో, సిల్వర్ ప్లేట్లు ఇంకో సంచిలో, తిండి వేరే డ్రమ్ములో. ముందు చెప్పకపోతే వంట గిన్నెలు ఎత్తే హడావుడిలో అన్నీ కలిపి కుప్ప పోస్తారు.

ఎక్కువగా జరిగే తప్పులు

చెత్త కుప్పకు నిప్పు పెట్టడం మొదటిది. ఫాయిల్ కాలదు. దాని చుట్టూ ఉన్న కవర్లు కాలి, విషపు పొగ మీ వీధిలోకే వస్తుంది. చల్లారాక చూడండి, బూడిదలో ఫాయిల్ ముక్కలు అలాగే ఉంటాయి. పొయ్యిలో వేసినా అంతే. ఆ బూడిదను చెట్లకు వేస్తే ముక్కలు కూడా పోతాయి.

నూనె జిడ్డు ఫాయిల్‌ను పాత పేపర్ల మీద వేయడం ఇంకో తప్పు. నూనె కాగితానికి పట్టిందంటే ఆ కాగితం కూడా ఎందుకూ పనికిరాదు. ఒక ముక్క వల్ల కట్టంతా పోతుంది.

వాడిన టిష్యూ, నిమ్మ చెక్క, పుల్లలు, ఎముక ఫాయిల్ మధ్యలో పెట్టి చక్కగా చుట్టి పడేయడం చాలామందికి అలవాటు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. దాన్ని విప్పాల్సింది మాత్రం ఇంకొకరు, చేతులతో. వాడిన బ్లేడును ఫాయిల్‌లో చుట్టి వేయడం ఇంకా ఘోరం.

మాత్రల స్ట్రిప్‌ల ఫాయిల్ పొరను గోటితో ఒలిచి ముద్దలో కలిపేవాళ్లు కూడా ఉన్నారు. అంత శ్రమ అక్కర్లేదు. ఒలిచినా దానికి జిగురు, రంగు అంటుకునే ఉంటాయి.

ఇక కడగడంలో అతి. ఒక్క ముక్క కోసం బకెట్ నీళ్లు ఒలకబోస్తే ఆ నీళ్ల విలువ ముందు ఫాయిల్ విలువ దిగదుడుపు. సబ్బు నీళ్లలో ముంచి తీయడంతో సరిపెట్టండి.

సరిగ్గా అయిందో లేదో చూసుకోవడం

డబ్బా మూత తీసి వాసన చూడండి. ఏ వాసనా రాకపోతే కడగడం, ఆరబెట్టడం రెండూ సరిగ్గా ఉన్నట్టే. పుల్లటి వాసన వస్తే ముద్దను విప్పి ఎండలో పరచండి, మళ్లీ చుట్టండి.

ముద్దను చెవి దగ్గర ఊపండి. లోపల ఏదైనా గలగలమంటే పుల్లో ఎముకో ఉంది. పిండితే తడి ఊరకూడదు. అయస్కాంతం ఆనించండి. అల్యూమినియానికి అది అతుక్కోదు. అతుక్కుందంటే లోపల స్టాపిల్ పిన్నో సీసా మూతో చిక్కుకుంది. పార్శిల్ కవర్లకు కొట్టిన పిన్నులే ఎక్కువగా ఇలా దూరతాయి.

ముద్ద మీద అక్కడక్కడా ముక్కలు పైకి లేచి విచ్చుకుంటుంటే ప్లాస్టిక్ కవర్ కలిసిందని అర్థం. ఆ ఒక్క ముక్కను లాగేయండి, ముద్దంతా విప్పనక్కర్లేదు.

ఆకుపచ్చ బుట్టను కూడా వారానికోసారి పైపైన చూడండి. అందులో ఒక్క మెరుపు ముక్క కూడా కనిపించకూడదు. కనిపిస్తే ఇంట్లో ఎవరికో ఇంకా ఈ పద్ధతి తెలియలేదు. సాధారణంగా అది వచ్చి పోయే చుట్టాలో, పని చేసే అక్కో అవుతారు. బుట్టల మీద తెలుగులో రాసి అతికించండి. నీలం బుట్ట మీద "సిల్వర్ పేపర్ ఇందులో" అని విడిగా ఒక చీటీ పెడితే అడిగే పని ఉండదు.

స్క్రాప్ ఆయన వద్దని, చెత్త బండి ఆయన "గిది మేం తీసుకోం" అని అంటే వాదనకు దిగకండి. పొడి చెత్తతో పాటు నీలం బుట్టలో వేసి ఇవ్వండి, అది మీ హక్కు. మళ్లీ మళ్లీ కాదంటే మీ వార్డు శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు, గ్రామమైతే పంచాయతీ కార్యదర్శికి చెప్పండి. ముద్దను చేతిలో పట్టుకెళ్లి చూపించి మరీ చెప్పండి.